పాత గొంతుకు కొత్త మేలిముసుగు

స్పీకరు ముందున్న బట్ట చిరిగితే అదేదో దర్జీపని అనుకుంటారు చాలామంది. కానీ దాని స్థానంలో ఏ బట్ట వేశారన్న దాన్ని బట్టే ఆ పెట్టె పాడుతుందా, గొణుగుతుందా అన్నది తేలుతుంది

హైఫై స్పీకరుకు వయసు మీద పడితే ఆ సంగతి అన్నింటికంటే ముందు చెప్పేది దాని ముందున్న బట్ట. 1970లలోనో, 1980లలోనో కొన్న జతను అటక మీంచి దించి చూస్తే లోపలి అయస్కాంతం ఇంకా బలంగానే ఉంటుంది. తీగచుట్ట తెగి ఉండదు. కాస్త పాలిష్ పట్టిస్తే చెక్కపెట్టెకు మళ్లీ నిగారింపు వస్తుంది. బట్ట మాత్రం పచ్చబడి, వదులై, మూలల్లో చట్రం నుంచి ఊడి వేలాడుతుంటుంది. ఎలుక కొరికిన కంత ఒకటి అదనం. బట్ట బదులు నురగ తొడుగు ఉన్న రకమైతే ఆ మాత్రం కూడా మిగలదు. వేలు తగిలితే చాలు, నల్లటి నుసి రాలుతుంది.

ఆ అవతారం చూసి స్పీకరు పని అయిపోయిందనుకునేవారే ఎక్కువ. కొందరు పాత సామాన్లవాడికి కిలోల లెక్కన తూచి ఇచ్చేస్తారు. ఇంకొందరు వీధి చివర సోఫాలు చేసే దుకాణానికి తీసుకెళ్లి, అక్కడ చేతికందిన గుడ్డ బిగించుకొస్తారు. ఆ తర్వాత పాట మసకగా వినిపిస్తుంటే స్పీకరు పాడైందని తీర్మానిస్తారు. రెండు సందర్భాల్లోనూ ఆరోగ్యంగా ఉన్న స్పీకరుకే శిక్ష పడుతుంది.

ఈ చిన్న మరమ్మతుకు ఇటీవల ప్రాధాన్యం పెరగడానికి కారణముంది. మూలనపడ్డాయనుకున్న ఎల్పీ రికార్డులు మళ్లీ తిరుగుతున్నాయి. అమెరికాలో 2022లో అమ్ముడైన ఎల్పీల సంఖ్య సీడీలను మించిపోయింది. 1987 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. రికార్డుల వెంట ఆనాటి ఆంప్లిఫయర్లు, ఆనాటి స్పీకర్లు కూడా వెలుగులోకి వస్తున్నాయి. తండ్రులు, తాతలు ముచ్చటపడి కొన్న జతలను బాగుచేయించుకోవాలన్న ఆసక్తి మన దేశంలోనూ కనిపిస్తోంది. అయితే స్పీకరు లోపలి భాగాల గురించి తెలిసిన మెకానిక్కులు దొరికినంత తేలిగ్గా, ముందున్న ముసుగు గురించి తెలిసినవారు దొరకరు.

తెర చాటు శాస్త్రం

అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ 1925లో ప్రకటించిన కదిలే తీగచుట్ట స్పీకరు సూత్రమే దాదాపు వందేళ్లుగా రాజ్యమేలుతోంది. అయస్కాంతం మధ్య తీగచుట్ట కదులుతుంది. దానికి అంటుకున్న కాగితపు కోను గాలిని ముందుకూ వెనక్కూ నెడుతుంది. ఆ కోను పలుచనిది. పైస్థాయి స్వరాలు పలికే ట్వీటరు గుమ్మటమైతే మరీ సున్నితం, పసిపిల్లల వేలు తగిలినా సొట్ట పడుతుంది. దుమ్ము, బొద్దింకలు, పిల్లల వేళ్ల నుంచి వీటిని కాపాడటం ముసుగు మొదటి పని. యంత్రాన్ని కంటికి కనిపించకుండా చేసి, గదిలో సామానుగా మార్చడం రెండో పని. మూడోది అన్నింటికంటే కష్టమైనది. ఈ రెండు పనులూ చేస్తూనే శబ్దానికి తాను లేనట్టే ఉండాలి.

ఆ మూడో పని దగ్గరే చిక్కు. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. 100 హెర్ట్జ్ మంద్రస్వరం తరంగం పొడవు దాదాపు మూడున్నర మీటర్లు. బట్ట, చట్రం లాంటివి దానికి లెక్కలోకి రావు. 10,000 హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు మూడున్నర సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. అప్పుడు రెండు సెంటీమీటర్ల మందమున్న చెక్క చట్రం కూడా దానికి గోడే. ట్వీటరు నుంచి పక్కలకు వెళ్లే శబ్దం ఆ అంచును తాకి చెదురుతుంది, చెదిరిన తరంగం నేరుగా వచ్చిన దానితో కలిసి కొన్ని స్వరాలను పెంచుతుంది, కొన్నింటిని తగ్గిస్తుంది. ఇక నేత బిగువుగా ఉన్న బట్ట అయితే పోగుల మధ్య గాలి రాపిడికి లోనై పైస్థాయి స్వరాల శక్తి కొంత అక్కడే హరించుకుపోతుంది.

తాళాల గలగల, వీణ తీగ మీద వేలు జారిన చప్పుడు, గాయని ఊపిరి తీసుకున్న సవ్వడి... ఇవన్నీ పైస్థాయిలోనే ఉంటాయి. దళసరి గుడ్డ వేస్తే ముందుగా మాయమయ్యేవి ఇవే. మృదంగం ఎప్పటిలాగే మోగుతుంది కాబట్టి వినేవారికి తప్పు ఎక్కడుందో తెలియదు.

నుసిగా మారిన నారింజ

ముసుగే ముఖచిత్రంగా మారిన స్పీకరు జేబీఎల్ ఎల్100 సెంచరీ. స్టూడియోల కోసం రూపొందించిన 4310 మోనిటరుకు గృహావతారంగా ఆ అమెరికన్ కంపెనీ 1970లో దాన్ని విడుదల చేసింది. దాని ముందుభాగంలో బట్ట లేదు. చిన్న చిన్న చతురస్రాలుగా చెక్కిన దళసరి నురగ తొడుగు ఉండేది. క్వాడ్రెక్స్ అని దానికి పేరు. నారింజ, నీలం, గోధుమ వంటి రంగుల్లో వచ్చిన ఆ తొడుగును చూసే చాలామంది స్పీకరును గుర్తుపట్టేవారు. ఆ దశకంలో జేబీఎల్‌కు అత్యధికంగా అమ్ముడైన నమూనా అదే.

యాభై ఏళ్లు గడిచేసరికి ఆ తొడుగుల్లో అధికభాగం పొడిపొడిగా రాలిపోయాయి. దోషం రసాయనానిది. నురగకు మూలపదార్థం పాలీయురిథేన్. అందులో ఎస్టర్ రకం గాలిలోని తేమతో చర్య జరిపి విడిపోతుంది. ఈథర్ రకం తేమను కాస్త తట్టుకున్నా వెలుతురుకు, ఆక్సిజన్‌కు లొంగిపోతుంది. నురగ అంటేనే గాలిగదుల సముదాయం కాబట్టి తేమకైనా, గాలికైనా లోపలిదాకా దారి తెరిచే ఉంటుంది. చెన్నై, ముంబై, విశాఖపట్నం లాంటి తీర నగరాల ఉక్కలో ఈ క్షయం మరింత వేగంగా సాగుతుంది. చివరి దశలో నురగ కొన్నిచోట్ల పొడిగా రాలుతుంది, కొన్నిచోట్ల తారులా జిగటగా మారి ముందుపలకకు అంటుకుపోతుంది.

ఇందులో ఇంకో హెచ్చరిక కూడా దాగి ఉంది. చాలా స్పీకర్లలో ఊఫర్ కోను చుట్టూ ఉండే అంచు కూడా ఇదే జాతి నురగ. ముసుగు నుసి అయిందంటే ఆ అంచును కూడా పరీక్షించాల్సిందే. ఎల్100 యజమానులకు ఈ విషయంలో అదృష్టం కలిసొచ్చింది. దాని 12 అంగుళాల ఊఫర్ అంచు పూత పూసిన బట్టతో చేసినది. అందుకే తొడుగు పూర్తిగా పోయినా ఊఫర్ నిక్షేపంగా పనిచేస్తున్న జతలు నేటికీ కనిపిస్తాయి. వాటికోసం కొత్త నురగ తొడుగులు తయారుచేసి అమ్మే చిన్న వ్యాపారులు విదేశాల్లో పుట్టుకొచ్చారు. చివరికి 2018లో జేబీఎల్ కూడా ఎల్100 క్లాసిక్ పేరుతో పాత రూపానికి మళ్లీ ప్రాణం పోసింది. నారింజ, నీలం, నలుపు రంగుల క్వాడ్రెక్స్ తొడుగు దానికీ ఉంది.

బట్ట కూడా డిజైనే

ముసుగును అలంకారంగా కాక యంత్రభాగంగా చూసినవారు బ్రిటన్‌లోని బీబీసీ ఇంజనీర్లు. ఆరుబయట ప్రసారాలకు వెళ్లే వాహనాల్లో పెద్ద స్పీకర్లకు చోటుండదు. అందుకోసం వారు 1970లలో ఎల్‌ఎస్3/5ఎ అనే బుల్లి మోనిటరును రూపొందించారు. ఎత్తు 30 సెంటీమీటర్లు మాత్రమే. రోజర్స్, స్పెండర్ లాంటి కంపెనీలు బీబీసీ లైసెన్సుతో దాన్ని తయారుచేసి బజారులో అమ్మాయి. ట్వీటరు చుట్టూ నాలుగు వైపులా ఫెల్ట్ పట్టీలు అంటించి, చట్రం అంచు వల్ల శబ్దం చెదరకుండా జాగ్రత్తపడ్డారు. ముందున్న బట్టకు టైగాన్ అని పేరు. ప్లాస్టిక్ పోగులతో నేసిన గరుకు బట్ట అది. దాన్ని తగిలించి ఉంచితేనే ఈ స్పీకరు స్వరం కుదురుగా ఉంటుంది. తీసేసి వింటే పైస్థాయి కాస్త ఎక్కువవుతుంది. కాబట్టి టైగాన్ చిరిగితే దాని బదులు ఏదో ఒక నల్లగుడ్డ వేయడమంటే డిజైనులో ఒక భాగాన్ని మార్చేయడమే. వేడి తగిలితే బిగుసుకునే గుణం కూడా టైగాన్‌కు ఉంది. వదులైన బట్టను జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో దూరం నుంచి వెచ్చబెట్టి సరిచేసే పద్ధతి అలా వచ్చిందే.

దీనికి ముందుతరం స్పీకర్లది మరో కథ. అమెరికాలోని అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ 1958లో తెచ్చిన ఏఆర్-3కి లేత రంగు లినెన్ బట్ట వేసేవారు. ఏళ్లు గడిచేకొద్దీ పొగకు, ఎండకు అది పచ్చబడుతుంది. సహజ నార కాబట్టి తేమ పీల్చుకుని సాగుతుంది. అయినా పాత స్పీకర్లు సేకరించేవారు ఆ పచ్చదనాన్ని వయసుకు గుర్తుగా భావించి వదిలేస్తారు.

చేతులు దూరంగా పెట్టుకోవాల్సిన ముసుగు కూడా ఒకటుంది. బ్రిటన్ ఇంజనీరు పీటర్ వాకర్ 1957లో మార్కెట్లోకి తెచ్చిన క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరుకు ముందు రంధ్రాల లోహపు జాలీ ఉంటుంది. దాని వెనకున్న పలుచని పొర వేల వోల్టుల విద్యుదావేశంతో పనిచేస్తుంది. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా ఆవేశం కాసేపు నిలిచే ఉంటుంది. ఆ జాలీకి తుప్పు పట్టిందని, రంగు వేద్దామని ఇంట్లో విప్పడం ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే. ఆ పని తెలిసినవారికి వదిలేయాలి.

కోటి నుంచి లామింగ్టన్ రోడ్ దాకా

భారత్‌లో ఈ సమస్య మరింత ముదరడం వెనక ఆర్థిక విధానాల చరిత్ర కూడా ఉంది. 1991కి ముందు దిగుమతులపై ఆంక్షలుండేవి. కొన్ని సరుకులపై సుంకం 300 శాతం కూడా దాటేది. విదేశీ హైఫై అంటే నావికుల సామాన్లలోనో, విదేశాల నుంచి తిరిగొచ్చిన బంధువుల పెట్టెల్లోనో రావాల్సిందే. గల్ఫ్‌కు వలసవెళ్లిన కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల కార్మికులు సెలవులకు తెచ్చిన జపాన్ టేప్‌రికార్డర్లు, స్టీరియోలు ఆ ఊళ్లలో అప్పట్లో వింతవస్తువులు. అలా వచ్చిన సరుకుకు ఇక్కడ సర్వీసు కేంద్రం ఉండదు, విడిభాగం దొరకదు. మరోవైపు ఆ రక్షణ గోడల నడుమే దేశీయ హైఫై కూడా పెరిగింది. 1970లో కోల్‌కతాలో సోనోడైన్ మొదలైంది. కాస్మిక్ లాంటి పేర్లు మధ్యతరగతి ఇళ్లలో గౌరవానికి గుర్తుగా వెలిగాయి. 1991 తర్వాత విదేశీ బ్రాండ్లు నేరుగా రంగంలోకి దిగడంతో ఆనాటి పేర్లు అనేకం కనుమరుగయ్యాయి. వాటితో పాటే వాటి బట్టలు, బ్యాడ్జీలు, చట్రాన్ని పట్టుకునే ప్లాస్టిక్ బొడిపెలు కూడా. విదేశాల్లో పేరున్న నమూనాలకు నకలు ముసుగులు తయారుచేసే వారున్నారు. మన దేశవాళీ స్పీకర్లకు ఆ భాగ్యం లేదు.

అందుకే వేటంతా బజారులోనే సాగుతుంది. హైదరాబాద్ కోటిలోని గుజరాతీ గల్లీ, చెన్నై రిచీ స్ట్రీట్, ముంబై లామింగ్టన్ రోడ్, ఢిల్లీ లాజ్‌పత్‌రాయ్ మార్కెట్, కోల్‌కతా చాందినీ మార్కెట్ ఆడియో సరంజామాకు పేరుమోసిన చోట్లు. ఇలాంటిచోట తేలిగ్గా దొరికేది సభలు, పెళ్లి పందిళ్ల సౌండ్ బాక్సులకు పనికొచ్చే సరుకు, అంటే గట్టి నల్లబట్ట లేదా ఇనుప జాలీ. దెబ్బలకు తట్టుకోవడం దాని మొదటి గుణం. ఇంట్లో సన్నని స్వరాలు వినే స్పీకరుకు అది అన్నివేళలా నప్పదు. హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమేరాత్ బజార్ లాంటి పాత వస్తువుల అంగళ్లలో అదృష్టం బాగుంటే చెడిపోయిన స్పీకరుకు మిగిలిన మంచి చట్రం దొరుకుతుంది.

బట్టల దుకాణంలోనే జవాబు వెతికేవారు కూడా ఉన్నారు. సాగే గుణమున్న పలుచని పాలియెస్టర్ అల్లికబట్ట ఇందుకు బాగా సరిపోతుంది. తేమకు వదులు కాదు, చట్రం మీద ముడత లేకుండా కూర్చుంటుంది. నూలు మల్లుబట్ట శబ్దాన్ని బాగానే వదులుతుంది కానీ వానాకాలం వస్తే సాగిపోతుంది. సోఫా గుడ్డ, రెక్సిన్, కర్టెన్ల దళసరి బట్ట పూర్తిగా నిషిద్ధం. చేనేత బట్ట వేస్తే అందంగా ఉంటుందనిపించవచ్చు. నేత బిగువుగా ఉంటే ఆ అందానికి స్వరంతో మూల్యం చెల్లించాల్సి వస్తుంది.

బట్టను ఎంచుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. రెండు పొరలు కాకుండా ఒకే పొరను నోటికి ఆనించి ఊదితే గాలి అడ్డులేకుండా పోవాలి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సన్నని కంతలు సమంగా కనిపించాలి. చివరి పరీక్ష చెవిది. ఎఫ్ఎం రేడియోలో రెండు స్టేషన్ల మధ్య వచ్చే 'హుష్' శబ్దంలో పైస్థాయి పౌనఃపున్యాలు పుష్కలంగా ఉంటాయి. స్పీకరులో దాన్ని పెట్టి, ట్వీటరు ముందు బట్టను అడ్డుపెడుతూ తీస్తూ వినాలి. తేడా తెలియకపోతే ఆ బట్ట పనికొస్తుంది. శబ్దం కంబళి కప్పుకున్నట్టు మారితే ఆ బట్టను తిరిగిచ్చేయాలి.

విప్పేముందు, బిగించేటప్పుడు

పాత బట్టను తీసేముందు ముందు, వెనక ఫొటోలు తీసి ఉంచుకోవడం తెలివైన పని. నేత గీతలు నిలువుగా ఉన్నాయా, అడ్డంగా ఉన్నాయా, బ్యాడ్జీ ఏ మూలన ఉంది అన్నవి తర్వాత గుర్తుండవు. బ్యాడ్జీని వెనక నుంచి పిన్నులు వంచి తీయాలి, ముందు నుంచి పీకితే విరుగుతుంది. చట్రం వెనక ఉన్న స్టేపుల్ పిన్నులను చదునైన స్క్రూడ్రైవరుతో లేపి, పట్టకారుతో లాగాలి. జిగురుతో అంటించిన బట్టను లాగేస్తే అట్టచెక్క పొర కూడా లేచొస్తుంది కాబట్టి నిదానంగా ఒలవాలి. నురగ నుసి రాలే స్పీకరైతే మూతికి గుడ్డ కట్టుకోవడం మంచిది. కోను మీద పడిన నుసిని మెత్తని కుంచెతో తుడవాలే తప్ప వాక్యూమ్ క్లీనరును దగ్గరకు తేకూడదు. ట్వీటరు గుమ్మటాన్ని అది ఒక్క క్షణంలో లోపలికో బయటికో లాగేస్తుంది.

పాత చట్రాలు ఎక్కువగా పలుచని చెక్కవి లేదా అట్టచెక్కవి. తేమకు ఉబ్బిన మూలలను జిగురుతో అతికి, బరువుపెట్టి ఆరనివ్వాలి. కొత్త బట్ట పలుచనిదైతే చట్రానికి ముందే మెరుపులేని నల్లరంగు పూయాలి. లేకపోతే లోపలి చెక్క బట్టలోంచి తెల్లగా కనిపిస్తుంది. బట్టను చట్రం కంటే అన్ని వైపులా నాలుగైదు సెంటీమీటర్లు ఎక్కువగా కత్తిరించుకోవాలి.

బిగించడంలోనే పనితనం తెలుస్తుంది. ఒక పక్క నుంచి మొదలుపెట్టి వరసగా పిన్నులు కొట్టుకుంటూ పోతే బట్ట వంకర తిరుగుతుంది. ముందు పైపట్టీ మధ్యలో ఒక పిన్ను, దానికెదురుగా కిందిపట్టీ మధ్యలో ఒకటి, ఆ తర్వాత కుడి, ఎడమ. అక్కడి నుంచి ఎదురెదురుగా జరుగుతూ మూలలకు చేరాలి. మూలల దగ్గర కవరు మడిచినట్టు మడిచి, అదనపు గుడ్డ కత్తిరించాలి. లేకపోతే ఆ మందానికి చట్రం పెట్టెలో సరిగా కూర్చోదు. నవారు మంచం అల్లినంత బిగువు పనికిరాదు. సన్నని చట్రం మధ్యలో లోపలికి వంగిపోతుంది. పిన్నులు కూడా చట్రం మందం కంటే పొట్టివి కావాలి.

విరిగిన ప్లాస్టిక్ బొడిపెల బదులు వెల్క్రో ముక్కలు అంటించవచ్చు. ఎల్‌ఎస్3/5ఎ ముసుగును వెల్క్రోతోనే నిలబెట్టారు కాబట్టి అదేమీ అపచారం కాదు. అంతా అయ్యాక చట్రాన్ని తగిలించి మంద్రస్వరాలున్న పాట ఒకటి కాస్త గట్టిగా పెట్టి వినాలి. బట్ట కోనుకు తగిలినా, చట్రం వదులుగా ఉన్నా 'జర్‌ర్' మనే అదురు వెంటనే పట్టిస్తుంది.

అన్ని పాత బట్టలనూ మార్చాల్సిన పనిలేదు. దుమ్ముపట్టినదైతే మెత్తని కుంచెతో దులిపితే చాలు. మరకలుంటే చట్రం నుంచి తీసి, ఒక మూలన రంగు పోతుందేమో చూసుకుని, గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా సబ్బు కలిపి ముంచి తీయవచ్చు. జరీలాంటి పోగులు నేసిన పాత వాల్వ్ రేడియో బట్టలను మాత్రం తడపకూడదు.

అసలా, నకలా?

ఇక్కడ సేకర్తల లోకం రెండు వర్గాలుగా చీలిపోతుంది. చిరిగినా సరే కంపెనీ వేసిన బట్టే ఉండాలనేది ఒక వర్గం వాదన. అసలు బట్ట ఉన్న జతకు ధర ఎక్కువ పలుకుతుంది కూడా. వినడానికే కొన్న వస్తువును వినదగ్గట్టు ఉంచుకోవాలనేది రెండో వర్గం మాట. ఇద్దరికీ సమ్మతమైన మధ్యేమార్గం ఒకటుంది. కొత్త బట్టను కొత్త చట్రానికి బిగించి, పాత చట్రాన్ని దాని బట్టతో సహా భద్రంగా దాచడం. వడ్రంగి చేత కొలతలకు చట్రం చేయించుకోవడం మన ఊళ్లలో ఇప్పటికీ కష్టమైన పనేమీ కాదు.

ఈ చర్చకు స్పీకర్ల పరిధి దాటిన అర్థం కూడా ఉంది. వస్తువు కొన్నవాడికి దాన్ని బాగుచేసుకునే హక్కు, అందుకు కావాల్సిన విడిభాగాలు ఉండాలన్న వాదన ప్రపంచమంతటా బలపడుతోంది. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు, టీవీల వంటి వాటికి ఏళ్ల తరబడి విడిభాగాలు అందుబాటులో ఉంచాలన్న యూరోపియన్ యూనియన్ నిబంధనలు 2021 మార్చిలో అమల్లోకి వచ్చాయి. భారత్‌లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కుపై ఒక కమిటీని నియమించింది. అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్‌ను ప్రారంభించింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు దాని పరిధిలోకి వచ్చాయి. మూతపడిన కంపెనీల సరుకును ఆదుకునే మార్గం మాత్రం ఏ నిబంధనలోనూ లేదు. ఆ భారం యజమాని మీద, వీధి మెకానిక్కు మీద, వడ్రంగి మీదే పడుతోంది.

ఆనాటి స్పీకర్లకు ఒక సుగుణముంది. స్క్రూలు విప్పితే విడిపోతాయి, పిన్నులు కొడితే నిలబడతాయి. జిగురుతో మూసేసిన నేటి ప్లాస్టిక్ బ్లూటూత్ డబ్బాలో బ్యాటరీ చచ్చిపోతే చాలావాటిని తెరవడానికి కూడా దారి ఉండదు. యాభై ఏళ్ల కిందటి పెట్టెకైతే మీటరు బట్ట, గుప్పెడు పిన్నులు, ఒక తీరిక మధ్యాహ్నం చాలు. ఆ బట్ట ఏమిటన్నది తెలిసి ఎంచుకుంటే ఇంకో పాతికేళ్లు పాట స్పష్టంగా వినిపిస్తుంది.